నేల క్రింది నేల

క్రొత్త యింటికి పోయిన అతిథి మొదట చూచునది నేల. చెప్పులు విడిచి లోపల కాలు పెట్టగానే పాదమునకు తగులునదియు అదియే. నునుపుగా నున్నదనియు, రంగు బాగున్నదనియు మెచ్చుకొనుట మన మర్యాద. కాని ఆ నేల క్రింద ఏమున్నదని అడిగిన అతిథిని మేమింతవరకు చూడలేదు. అడుగవలసిన గృహస్థుడే అడుగుట లేదు. అతిథిని అనుకొని లాభమేమి? ఈ ప్రసంగమున మేము ఆ ప్రశ్ననే ముచ్చటింపదలచితిమి. ముఖ్యముగా, చేవగల కలప పలకలతో నేల పరచుకొనదలచినవారు ముందుగా అడుగునేలను ఎట్లు సిద్ధము చేసికొనవలెనో, చేసికొననిచో ఏమగునో, మేము నష్టపడి నేర్చినంతవరకు మనవి చేసెదము.

మాది విజయనగరము జిల్లా భోగాపురము. విశాఖపట్నమునుండి శ్రీకాకుళము పోవు జాతీయ రహదారి మా ఊరిమీదుగానే పోవును. ఇచ్చట అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణమునకు 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. దాని రన్‌వే పొడవు 3,800 మీటర్లు. ఆ దారిని పోయివచ్చు మావంటివారికి నెలల తరబడి కనిపించినది నల్లని బాట కాదు, మట్టి. మట్టి తెచ్చుట, పరచుట, తడుపుట, రోలరుతో త్రొక్కించుట, మరల మట్టి తెచ్చుట. ఇంకను మట్టిపనియేనా అని చూచినవారు విసుగుకొనిరి. విమానపు చక్రము తగులునది పై పొరకే గాని, దాని బరువు క్రింది పొరల గుండా భూమికి దిగవలెను. క్రింద ఒకచోట మెత్తబడినచో పైన ఎంత గట్టి పొర వేసినను అచ్చట కుంగును. విమానమునకైనను, వాలుకుర్చీలో కూర్చున్న ముసలమ్మకైనను ఈ న్యాయము ఒక్కటే.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. పునాది గోడలు లేచిన తరువాత వారు లోపల మట్టియు ఇసుకయు నింపి, జానెడేసి మందమున పొరలుగా పరచి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టించెడివారు. అంతటితో తృప్తి పడక ఒక వర్షాకాలము దానిని అట్లే విడిచిపెట్టెడివారు. వాన నీరు దిగి మట్టి తనంతట తాను అణగి, కుంగవలసినచోట కుంగినపిదప, మరల నింపి అప్పుడు గచ్చు వేసెడివారు. గానుగలో ఆడించిన సున్నము, ఇటుకపొడి, ఇసుక కలిపి వేసిన ఆ గచ్చు మా తాతలనాటి యింటిలో నేటికిని పగుళ్ళు లేక నిలిచియున్నది. మేడ వేయునప్పుడు టేకు దూలములను దగ్గర దగ్గరగా పరచి, వానిమీద సన్నని యిటుకలను సున్నముతో నిలువుగా పేర్చి, ఆపైన సున్నపు కాంక్రీటును రోజుల తరబడి కొట్టించి నునుపు చేసెడివారు. దానికే మద్రాసు మిద్దె అని పేరు.

దూరదేశములందును తెలిసినవారు ఇట్లే చేసిరి. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున రోములో విట్రూవియసు అను శిల్పి గృహనిర్మాణమును గూర్చి పది భాగముల గ్రంథము వ్రాసెను. అందు ఏడవ భాగమున మొదటి అధ్యాయము నేలలను గూర్చినదే. భూమి అంతటను గట్టిగా నున్నదా అని పరీక్షింపుమనియు, నింపుడు మట్టి యున్నచో శ్రద్ధగా కొట్టింపుమనియు అతడు మొదట చెప్పును. తరువాత పిడికిలికి తగ్గని రాళ్ళ పొర. దానిపైన మూడుపాళ్ళ రాతి ముక్కలకు ఒకపాలు సున్నము. ఆపైన మూడుపాళ్ళ పెంకుపొడికి ఒకపాలు సున్నము. ఇవన్నియు పూర్తియైన పిదపనే పైకి కనబడు రాయి. ఆ పెంకుపొడి సున్నమునకును మన ఇటుకపొడి గచ్చునకును గల పోలిక చూచి మేము ఆశ్చర్యపడితిమి. పై పొర ఒక్కటి వేయుటకు ముందు క్రింద మూడు పొరలు వేయవలెనని రెండువేల యేండ్లనాడే వ్రాసిపెట్టిన మాట, నేడు మనకు మరుపు వచ్చినది.

మరుపునకు కారణము తొందర. ఆ తొందరకు మేమును లోబడినవారమే గనుక మా కథను దాచక చెప్పెదము.

మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చలువరాతి నేలమీద ఉదయము కాలు మోపినచో నరములు పట్టివేయుచున్నవని ఆమె బాధపడుచుండెడిది. అన్నదమ్ములమందరము ఆలోచించుకొని, పాత యింటి ప్రక్కన ఆమె కొరకు ఒక గది కట్టించి, దానికి చెక్కనేల వేయింపదలచితిమి. 2022 జ్యేష్ఠమాసమున గది లోపల ఇసుక నింపి నాలుగంగుళముల కాంక్రీటు బెడ్డు వేయించితిమి. శ్రావణమున గృహప్రవేశమునకు ముహూర్తము కుదిరినది. నడుమ ఏడు వారములు మాత్రమే యున్నవి. అవియును వానలు పడు వారములు. మా ఊరి తాపీమేస్త్రీ ఆ బెడ్డుమీద అరచేయి ఆనించి చూచి, "బావూ, ఇది ఇంకా పచ్చిమీదున్నాది. ఓ వేసవి ఎండనిచ్చి ఏసుకోండి. తొందరేటి?" అనెను. నేల రాయివలె గట్టిపడియుండగా పచ్చి యనుచున్నాడేమని మేము నవ్వితిమి. చుట్టములకు పిలుపులు పోయినవి. పలకలు వచ్చినవి. పరచువారు పలకలకు మీటరు పెట్టి చూచి బాగుగా ఎండినవనిరి. నేలకు మీటరు పెట్టుమని వారు అడుగలేదు, మేమును చెప్పలేదు.

గృహప్రవేశమునాడు ఆ నేలను మెచ్చనివారు లేరు. భాద్రపదము వరకు బాగుగనే యుండెను. దసరా దాటి, విజయనగరమున పైడితల్లి సిరిమాను పండుగ వచ్చునప్పటికి ఒక్కొక్క పలక రెండంచులును పైకి లేచి, నడుమ పల్లమై, దొప్పవలె వంగినది. గుమ్మము దగ్గర రెండు పలకలు గోడను నెట్టి పైకి పొంగినవి. ఒకనాటి తెల్లవారుజామున అమ్మ నీళ్ళకై లేచి ఆ యంచు తగిలి బోర్లపడెను. మణికట్టు ఎముక చిట్లినది. ఆరు వారములు చేతికి కట్టు. ఆమె సుఖమునకని వేసిన నేలయే ఆమెను పడవేసినది. పని చేసినవారెవరన్నది ఇచ్చట అప్రస్తుతము, తొందరించినది మేము.

కార్తీకమున పలకలు ఊడదీయించితిమి. వాని అడుగున తెల్లని బూజు. బెడ్డు మీద చేయి పెట్టినచో చల్లగా తగిలెను. మేస్త్రీ వచ్చి ఒకమూల బెడ్డు పగులగొట్టి చూపగా, దానిక్రింద నీటిని అడ్డగించు పట్ట ఏదియు లేదు. నింపిన ఇసుక చిటికెడు తీసి నాలుకకు తగిలించి, "ఉప్పు బావూ" అనెను. దూరము కలిసివచ్చునని ఎవరో సముద్రపుటొడ్డునుండి తెచ్చి పోసిన యిసుక అది. మేము చేసిన తప్పు ఒకటి కాదు, మూడని అప్పుడు తెలిసినది. ఈ మూడింటి వెనుక నున్న కారణములను ఇప్పుడు ఒక్కొక్కటిగా విచారింతము.

మొదట కలప స్వభావము. చెట్టు కొట్టబడినను చెక్క నీటిని త్రాగుట మానదు. గాలిలో తేమ పెరిగినచో కొంత పీల్చుకొనును. తగ్గినచో కొంత విడిచిపెట్టును. గాలిలోని తేమ నూటికి 50 వంతు లున్నచో చెక్కలోని తడి దాని యెండు బరువులో సుమారు 9 వంతులకు వచ్చి నిలుచును. 70 ఉన్నచో 13కు, 80 ఉన్నచో 16కు చేరును. సముద్రతీరమున తేమ 70 దాటుట వింత కాదు. తడి పెరిగిన చెక్క నిడివిలో పెరుగదు, అడ్డమునకు పెరుగును. నేలలకు వాడు కలపలలో టేకు తక్కువగా కదలునదని పేరు పొందినది. అట్టి టేకు పలకలనే పన్నెండడుగుల వెడల్పు గదిలో పరచి, వానిలో తడి నాలుగు వంతులు పెరిగినదనుకొనుడు. అడ్డకోత పలకలైనచో అన్నియు కలిసి సుమారు ఒక అంగుళము పెరుగును. ఆ అంగుళము ఎక్కడకు పోవలెను? గోడ జరుగదు. చెక్క పైకి లేచును. క్రిందినుండి మాత్రమే తడి వచ్చినచో పలక అడుగు భాగము ఉబ్బి, పై భాగము ఉబ్బక, అంచులు పైకి తిరుగును. మా గదిలో జరిగినది ఇదియే. లేచిన అంచులను చిత్రిక పట్టించి చదును చేయుమని ఒకరు సలహా యిచ్చిరి. మా వడ్రంగి ఒప్పుకొనలేదు. ఇప్పుడు అంచులు చెక్కినచో, పలక ఆరిన తరువాత అంచులు పల్లమై నడుమ మిట్టగును అనెను. అది నిజము.

ఇక రెండవది కాంక్రీటు స్వభావము. గట్టిపడుట వేరు, ఆరుట వేరు. ఈ భేదమును గుర్తింపకనే మేము మేస్త్రీని చూచి నవ్వితిమి. సిమెంటు గట్టిపడుటకు దాని బరువులో సుమారు నాలుగవవంతు నీరు చాలును. కాని కలుపుటకును, పరచుటకును వీలుగా నుండుటకై దాదాపు సగము బరువు నీరు పోయుట పరిపాటి. మిగిలిన నీరు సన్నని రంధ్రములలో నిలిచియుండి, పైముఖముగా మెల్లమెల్లగా ఆవిరి కావలెను. గట్టిపడుటకు కనీసము వారము పది దినములు నీరు కట్టి తడుపుదుము, అది అవసరమే. ఇరువది యెనిమిది దినములలో బలము వచ్చును, అదియు నిజమే. కాని ఆ లెక్క బరువు మోయుటకే గాని, చెక్క పరచుటకు కాదు. ఆరుటకు, మందములో ఒక్కొక్క అంగుళమునకు ఒక నెల చొప్పున పొడి వాతావరణము కావలెనని పనివారి మోటు లెక్క. నాలుగంగుళముల బెడ్డునకు నాలుగు నెలలు. ముసురు పట్టిన ఆషాఢ శ్రావణములు ఆ లెక్కలోనికి రావు.

మూడవది క్రిందినుండి ఎక్కు నీరు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు, సన్నని మన్ను భూమిలోని నీటిని పైకి లాగును. రేణువులు ఎంత సన్నమైన నీరు అంత ఎత్తు ఎక్కును. రేణువుల స్థానమున పెద్ద కంకర యున్నచో, సందులు పెద్దవై, నీరు ఎక్కజాలదు. కనుకనే నింపుడు మట్టిపైన నాలుగు నుండి ఆరంగుళముల కంకర పొర వేయుదురు. అయినను ఆవిరి రూపమున తేమ ఎక్కును. దాని నాపుటకు పాలిథీను పట్ట. అది 150 మైక్రాన్లకు తక్కువ మందము కారాదు. 200 ఉన్న మరింత మేలు. ఒక పట్టపై నొకటి ఆరంగుళములైనను ఎక్కునట్లు పరచి, అతుకులను టేపుతో మూసి, అంచులను గోడవరకు లేపవలెను. మేకు గీచిన చిన్న చిల్లిని సైతము ఉపేక్షింపరాదు. సముద్రపు ఇసుకలోని ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. వానకాలమున మన వంటింటి ఉప్పుజాడీని చూచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అట్టి యిసుకను నేలక్రింద నింపుట తడిగుడ్డను పరచుటతో సమానము. ఒడ్డునుండి ఇసుక తీయుట ఊరికిని క్షేమము కాదు.

ఈ మూడింటికి తోడు మన ప్రాంతమున నాలుగవ శత్రువు చెదపురుగు. అది భూమిలో నుండి వెలుతురు తగులకుండ మట్టి గొట్టములు కట్టుకొని పైకి వచ్చును. తడిసిన కలప దానికి విందు. పని ముగిసిన తరువాత సెంట్రింగు చెక్కల ముక్కలు, కర్రపేడులు, కాగితపు సంచులు నింపుడు మట్టిలో త్రోసివేయు అలవాటు కొందరు పనివారికి కలదు. అది చెదను పేరుపెట్టి పిలుచుటయే. నింపి దిమ్మిస కొట్టిన తరువాత, బెడ్డు వేయుటకు ముందు, చెదల మందు కలిపిన నీటిని చదరపు మీటరునకు ఐదు లీటర్ల చొప్పున నేల యంతయు తడియునట్లు పోయవలెనని భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. ఒకప్పుడు ఇందుకు వాడిన ఆల్డ్రిన్ వంటి మందులు మనుష్యులకు కీడు చేయునవని తరువాత నిషేధింపబడినవి. నేటి మందులును విషములే. కనుక ఆ పని తెలిసి, అనుమతి కలిగినవారి చేతనే చేయింపవలెను. పెరటిలో నుయ్యి యున్నవారు ఆ సంగతి వారికి ముందుగా చెప్పుట మరువరాదు.

ఇంతవరకు కారణములు. ఇక చేయవలసిన పని.

బెడ్డు ఆరినదో లేదో చూపునకు తెలియదు. తెల్లబడినంత మాత్రమున ఆరినదని అనుకొనరాదు. పై పొర మాత్రమే ఆరియుండవచ్చును. ఇంటివారే చేసికొనదగిన పరీక్ష యొకటి కలదు. మూరెడు చదరము గల పారదర్శకమైన పాలిథీను ముక్కను నేలపై పరచి, నాలుగంచులను గాలి దూరకుండ టేపుతో అంటించి, ఒక పగలును ఒక రాత్రియు విడువవలెను. తీసి చూచినప్పుడు పట్ట అడుగున నీటి చెమ్మ పట్టినను, అచ్చట కాంక్రీటు రంగు నల్లబడినను, నేల పచ్చిగా నున్నట్లే. గది నడుమ ఒకటి, గోడల మూలల రెండు, స్నానపుగది గోడప్రక్కన ఒకటి, ఇట్లు నాలుగైదు చోట్ల చూడవలెను. ఈ పరీక్షలో తప్పిన నేల తప్పినట్లే. నెగ్గిన నేల మాత్రము పూర్తిగా నెగ్గినట్లు కాదు, ఏలయన లోతులోని తడిని ఇది చూపదు. ఖరీదైన పలకలు వేయువారు, బెడ్డు మందములో నూటికి 40 వంతుల లోతున రంధ్రము చేసి అందు తేమను కొలుచు పరికరము నుంచి చూపించుకొనుట మంచిది. ఐదంగుళముల బెడ్డునకు రెండంగుళముల లోతు. అచ్చటి తేమ సుమారు 75 వంతులు మించరాదని సాధారణముగా చెప్పుదురు. పలకలను, జిగురును తయారుచేయువారు ఇచ్చిన హద్దు వేరుగా నున్నచో దానిని పాటింపవలెను.

రెండవ పని చదును. ఇచ్చట మట్టము వేరు, చదును వేరు. నేల అంతయు ఒకవైపునకు కొంచెము వాలియున్నను చెక్కకు హాని లేదు. మిట్టపల్లము లుండరాదు. పదియడుగుల నిటారైన బద్దను నేలపై ఆనించి నలువైపుల త్రిప్పి చూచినప్పుడు, దాని క్రింద ఎక్కడను అంగుళములో పదునారవవంతులు మూడు, అనగా ఐదు మిల్లీమీటర్లకు మించిన సందు కనబడరాదు. ఆరడుగుల బద్దకైనచో మూడు మిల్లీమీటర్లు. పల్లమున పలక ఆధారము లేక అడుగు పెట్టినప్పుడెల్ల ఊగును. ఊగిన పలక కిర్రుమనును. కొన్ని యేండ్లకు అతుకు విడిపోవును. మిట్టలను యంత్రముతో అరుగదీయవలెను. పల్లములను ఇందుకై అమ్ము సిమెంటు మిశ్రమముతో నింపి, అదియు ఆరువరకు ఆగవలెను. పల్లమున ఇసుక చల్లుట, పాత కాగితములు మడిచి పెట్టుట మోసము. ఆ మోసము మనలను మనమే చేసికొనుట.

మూడవ పని శుభ్రము. కొన్నిచోట్ల కాంక్రీటు పైన పాలమీగడవలె బలహీనమైన పొర తేలియుండును. మేకుతో గీచినచో పొడి రాలును. దానిమీద జిగురు పట్టినను, ఆ పొరయే ఊడి జిగురుతో కూడ లేచివచ్చును. దానిని గీకి తీసివేయవలెను. పాత గచ్చుమీదనో, నాపరాళ్ళమీదనో వేయువారు చిన్న సుత్తితో ఒక్కొక్క రాయిని తట్టి చూడవలెను. బోలుగా మ్రోగినది క్రింద పట్టు విడిచినది. దానిని తీసి మరల పరపింపక పైన చెక్క వేయరాదు. రంగు, మైనము, నూనె మరకలు ఉన్నచో జిగురు పట్టదు. చివరకు చీపురుతో ఊడ్చినంత మాత్రమున చాలదు. సన్నని దుమ్మును పీల్చు యంత్రముతో తీయించుట మేలు.

గట్టి కలప పలకలను మేకులతో బిగింపదలచినచో కాంక్రీటుమీద నేరుగా సాధ్యము కాదు. పాలిథీను పరచి, దానిపై ముప్పాతిక అంగుళము ప్లైవుడ్‌ను, పలక పలకకు నడుమ అంగుళములో ఎనిమిదవవంతు సందు విడిచి, అతుకులు ఒక వరుసలోనికి రాకుండ బిగింపవలెను. మన తీరప్రాంతమున నీటికి తట్టుకొను మెరైన్ ప్లైవుడ్‌నే వాడుట క్షేమము. దానికి భారతీయ ప్రమాణ సంఖ్య 710; పలకపై ముద్ర చూచి తీసికొనవలెను. ప్లైవుడ్‌నకు బదులు అడ్డకర్రలను తొమ్మిది నుండి పన్నెండు అంగుళముల యెడముతో పరచుటయు కలదు. పొరలు పొరలుగా అడ్డదిడ్డముగా అంటించి చేసిన కలప పలకలు ఏకాండమైన కలపకంటె తక్కువ కదలును. వానిని జిగురుతో కాంక్రీటు మీదనే అంటింపవచ్చును. ఏ పద్ధతియైనను నేల ఆరుట, చదునగుట తప్పవు.

పలకలను గదికి అలవాటు చేయుట చివరి మెట్టు. పూతపని, సున్నములు, రంగులు అన్నియు ముగిసి ఆరిన తరువాతనే పలకలను లోనికి తేవలెను. కట్టలు విప్పి, నడుమ పుల్లలు పెట్టి గాలియాడునట్లు పేర్చి, ఆ గదిలో మనము ఉండదలచిన రీతిగనే కిటికీలు, పంకాలు నడుపుచుండవలెను. ఇన్ని దినములని లెక్క కాదు, మీటరు లెక్క. క్రింది ప్లైవుడ్‌లోని తడికిని పలకలోని తడికిని భేదము, మూడంగుళములకు తక్కువ వెడల్పు పలకలకు నాలుగు వంతులు, అంతకు వెడల్పైనవానికి రెండు వంతులు మించరాదు. పరచునప్పుడు గోడ పొడవునను ముప్పాతిక అంగుళము సందు విడిచిపెట్టవలెను. దానిని అంచుబద్ద కప్పును. ఆ సందే చెక్కకు ఊపిరి. కొందరు అందము కొరకు దానిని సిమెంటుతో పూడ్చివేయుదురు. ఆ యింటిలో మొదటి వానకే పలకలు లేచును.

మా గది సంగతి చెప్పి ముగింతుము. బెడ్డంతయు పగులగొట్టించి, ఉప్పుటిసుకను తోడించి, మంచి మట్టియు నది యిసుకయు పొరలుగా దిమ్మిస కొట్టించితిమి. ఒక వర్షాకాలము ఆగలేనివారు ఆ దిమ్మిసలోనైనను లోపము చేయరాదని మేస్త్రీ దగ్గరుండి కొట్టించెను. చెదల మందు, కంకర, పట్ట, దానిపైన 2023 సంక్రాంతి వెళ్ళిన తరువాత క్రొత్త బెడ్డు. మాఘము, ఫాల్గుణము, చైత్రము గడచినవి. వైశాఖమున నాలుగు చోట్ల పట్టలు అంటించి చూచితిమి. మూడుచోట్ల పొడిగా నున్నది. స్నానపుగది గోడప్రక్కన మాత్రము చెమ్మ పట్టినది. గొట్టమునందు సన్నని కారుడు దొరికినది. దానిని బాగుచేయించి మరల రెండు వారములాగి, మరల చూచి, అప్పుడు పలకలు పరపించితిమి. ఈ మారు ముహూర్తము మేము పెట్టలేదు, నేల పెట్టినది.

రెండు మారులు చేయించిన ఖర్చు మొదటి ఖర్చునకు రెండింతలు కాలేదు, మూడింతలకు దగ్గరైనది. పగులగొట్టుటకును కూలి ఈయవలెను గదా. మొదటనే ఐదు నెలలు ఆగి, కొన్ని గజముల పట్టయు నాలుగు బండ్ల కంకరయు కొనియున్నచో ఈ ధనమంతయు మిగిలెడిది. అమ్మ చేయి నొవ్వకుండెడిది.

చెక్కనేల అందరును వేయించుకొనునది కాదు. కాని రాతి పలకలైనను, సిమెంటు గచ్చైనను, పేడతో అలికిన మట్టినేలయైనను క్రింది పని ఇదియే. ఇల్లు కట్టించు శ్రోతలు పై పలకల రంగులు ఎన్నుకొనుటకు అంగడికి పోకముందు మేస్త్రీని మూడు ప్రశ్నలు అడుగుదురు గాక. లోపల నింపినది ఏమి? నీటిని అడ్డగించినది ఏది? నేల ఆరినదని ఎట్లు తెలిసికొంటివి? మూడింటికి సరియైన ఉత్తరము వచ్చువరకు పలకలు అంగడిలోనే యుండుట మంచిది.

ఆ నేల పరచిన తరువాత మూడు వర్షాకాలములు గడచినవి. పలకలు కదలలేదు. అమ్మ మాత్రము నేటికిని గుమ్మము దగ్గరకు వచ్చునప్పుడు ఒకమారు ఆగి, బొటనవ్రేలితో తడవి చూచుకొని, అటుపై అడుగు వేయును. ఆ అలవాటు ఆమెకు మేము చేసినది.